తేడా ఒక్కటి

నా జీవితమంతా అంకెల మధ్యనే గడిచింది. ఒక ఆఫీసులో ఎకౌంట్సు సెక్షనులో ముప్ఫైనాలుగేళ్ళు పనిచేశాను. ఒక్క పైస తేడా వున్న కాగితమేదీ నా బల్ల దాటి పోలేదని నలుగురిలో చెప్పుకోవడం నాకు సరదా. 1979లో కాబోలు, మార్చి నెలాఖరు లెక్కల్లో ఒక్క పైస తేడా వచ్చింది. జేబులోంచి ఒక పైస తీసి పారేస్తే సరిపోయేదే! కాని మనసు ఒప్పలేదు. మూడు రాత్రులు ఆఫీసులోనే కూచుని పుస్తకాలన్నీ తిరగేశాను. మూడోరాత్రి పదకొండు గంటలకి దొరికింది దొంగ. ఎవరో ఆరుని ఏడుగా ఎక్కించారు! ఆ రాత్రి నడిచి ఇంటికి వస్తుంటే నాకు కలిగిన ఆనందం పెళ్ళినాడు కూడా కలగలేదు. (ఈ వాక్యం మా ఆవిడ చదవదనే ధైర్యంతో రాస్తున్నాను.)

తేడా అంటూ వుంటే దానికో కారణం వుంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది, దిద్దితే పోతుంది. ఇదీ నా నమ్మకం. తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలి చేతిలో ఆ నమ్మకం ఎలా భంగపడిందో చెబుతాను, వినండి.

ఆవేళ రాత్రి భోజనాల దగ్గర అది కంచంలో అన్నం కెలుకుతూ కూచుంది.

"తాతయ్యా, ఇంటర్లో నేను లెక్కలు తీసుకోను," అంది వున్నట్టుండి.

"అదేం, అమ్మలూ?"

"నాకు రావు. మైనస్‌ని మైనస్‌తో హెచ్చవేస్తే ప్లస్ ఎందుకొస్తుందని క్లాసులో అడిగాను. అది రూలు, రాసుకో అన్నారు. అందరూ నవ్వారు. అందరికీ తెలిసింది నాకు ఒక్కదానికే తెలియనప్పుడు నాకు బుర్ర లేనట్టేగా!"

నా చేతిలో ముద్ద చేతిలోనే వుండిపోయింది. ఎందుకంటారా? సరిగ్గా దాని వయసులోనే, సరిగ్గా ఆ ప్రశ్నే నేనూ అడిగాను. ఆ రోజుల్లో నవ్వులతో పోయేది కాదు. అరచేతి మీద రెండు బెత్తం దెబ్బలు పడ్డాయి. ఆ తరవాత నేనెన్నడూ క్లాసులో చెయ్యెత్తలేదు. ఎస్.ఎస్.ఎల్.సి.లో కాంపోజిట్ లెక్కలు వదిలేసి జనరల్ లెక్కలు పుచ్చుకున్నాను. ఇంజనీరు కావాలనుకున్నవాణ్ణి గుమాస్తానయ్యాను. గుమాస్తాగిరీ తక్కువదని కాదు. కాని ఆ ప్రశ్నకి జవాబేమిటో ముప్ఫైనాలుగేళ్ళ సర్వీసులోనూ నేను తెలుసుకోలేదు. తెలుసుకోవాలంటే భయం. అరచెయ్యి మంట ఎప్పుడో చల్లారింది కాని, ఆ భయం చల్లారలేదు.

మా ఆవిడ మజ్జిగ పోస్తూ, "కరణంగారి మునిమనవరాలికి కరణీయాలంటే భయమటండీ! చోద్యం కాకపోతే!" అంది. దాని పుస్తకంలో ఆ మాట చూసింది కాబోలు. మా నాన్నగారు మా వూరి కరణంలెండి.

పిల్ల నవ్వలేదు. నేను చెయ్యి కడుక్కుని, "ఒక్క వారం రోజులు గడువియ్యి, అమ్మలూ. రోజూ రాత్రి గంటసేపు నీ పుస్తకం ఇద్దరం కలిసి చదువుదాం. అప్పటికీ మానేస్తానంటే సరే," అన్నాను. ఎనభైకి దగ్గర పడ్డవాడికి ఇదేం పంతమని మీరు అనుకోవచ్చు. ఆ పంతం దాని కోసమో, నా కోసమో నాకే తెలియదు.

* * *

మొదటిరాత్రి సంఖ్యల వంశవృక్షంతో మొదలుపెట్టాం. పుస్తకంలో పేర్లు చూసేసరికి నాకే కళ్ళు తిరిగాయి. సహజ సంఖ్యలట, పూర్ణాంకాలట, పూర్ణసంఖ్యలట, అకరణీయాలట, కరణీయాలట! పేర్లన్నీ వరసగా బట్టీపడితే ఎవరికైనా విసుగే. అందుకని పేర్లు పక్కన పెట్టి, ఒక్కొక్కటీ ఎందుకు పుట్టిందో చూద్దామనుకున్నాం.

ఒకటి, రెండు, మూడు అని వేళ్ళమీద లెక్కపెట్టేవి సహజ సంఖ్యలు. ఏ రెంటిని కూడినా, హెచ్చవేసినా వచ్చేది మళ్ళీ ఆ యింటిదే. గడప దాటి పోదు. ఇలా గడప దాటకపోవడాన్నే సంవృత ధర్మం అన్నారు. మరి అయిదులోంచి అయిదు తీసేస్తే? ఆ యింట్లో జవాబు లేదు. సున్నాని తెచ్చి చేర్చుకుంటే అవి పూర్ణాంకాలయ్యాయి. మూడులోంచి అయిదు తీసేస్తే? మళ్ళీ చిక్కే. అందుకని ఋణ సంఖ్యల్ని కూడా చేర్చుకున్నారు. ఇప్పుడవి పూర్ణసంఖ్యలు. ఇక ఏడుని రెండుతో భాగిస్తే? మూడున్నర. ఆ అర వుండడానికి పూర్ణసంఖ్యల యింట్లో చోటు లేదు. అందుకని లవం, హారం వున్న భిన్నాలన్నిటినీ కలుపుకుని అకరణీయ సంఖ్యలన్నారు. హారం సున్నా కాకూడదన్నది ఒక్కటే షరతు.

"అంటే, సంసారం పెరిగినకొద్దీ ఇంటికి వసారాలు దించుకున్నట్టన్నమాట," అంది మా ఆవిడ, వత్తులు చేసుకుంటూ. అంతకంటె బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. పాత గదులు పడగొట్టలేదు. సహజ సంఖ్యలు పూర్ణసంఖ్యల్లో వున్నాయి. పూర్ణసంఖ్యలు అకరణీయాల్లో వున్నాయి. అయిదుని అయిదు బై ఒకటి అని రాస్తే అదీ భిన్నమేగదా!

"హారం సున్నా ఎందుకు కాకూడదు?" అంది పిల్ల.

"ఆరుని సున్నాతో భాగించి ఏదో జవాబు వచ్చిందనుకో. ఆ జవాబుని సున్నాతో హెచ్చవేస్తే మళ్ళీ ఆరు రావాలి. సున్నాతో దేన్ని హెచ్చవేసినా సున్నాయేగదా, ఆరెక్కణ్ణించి వస్తుంది? అందుకని ఆ తలుపు మూసేశారు."

"సున్నాని సున్నాతో భాగిస్తే?"

"అప్పుడు ఏ జవాబు చెప్పినా సరిపోతుంది. ఏదైనా సరిపోయే జవాబు జవాబే కాదు. బ్రహ్మగుప్తుడంతటివాడే ఇక్కడ కాలుజారాడు. సున్నాని సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. నేటి గణితం దాన్ని ఒప్పుకోదు."

పిల్ల కళ్ళు విప్పార్చుకుని, "అంత గొప్పాయన కూడా తప్పు చేశాడా?" అంది. ఆ వారంలో దాని మొహంలో మొదటిసారిగా కాస్త వెలుగు కనిపించింది.

* * *

రెండోరాత్రి అసలు ప్రశ్నకి వచ్చాం.

బ్రహ్మగుప్తుడు 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతం రాశాడు. సున్నాకీ, సున్నాకి రెండు పక్కలా వుండే సంఖ్యలకీ కూడికలు, తీసివేతలు, హెచ్చవేతలు అందులో విధించాడు. ఆయన వాటిని ధనం, ఋణం అన్నాడు. మనం నేటికీ ధన సంఖ్య, ఋణ సంఖ్య అంటున్నాం. ధనమంటే సొమ్ము, ఋణమంటే అప్పు. ఎకౌంట్సు గుమాస్తాకి ఇంతకంటె చుట్టరికం ఏం కావాలి చెప్పండి! రెండు ఋణాల లబ్ధం ధనమని ఆనాడే ఆయన చెప్పాడు.

"అమ్మలూ, నానమ్మ కొట్టులో యాభై రూపాయల చొప్పున నాలుగుసార్లు అరువు తెచ్చింది. నాలుగు చీటీలున్నాయి. ఒక్కో చీటీ యాభై రూపాయల అప్పు, అంటే మైనస్ యాభై. కొట్టాయన దయతలచి నాలుగు చీటీలూ చింపేశాడు. చీటీలు తీసెయ్యడం కనక మైనస్ నాలుగు. నానమ్మకి నష్టమా, లాభమా?"

"లాభమే. రెండువందలు."

"అంతే. అప్పుని తీసెయ్యడమంటే సొమ్ము ఇచ్చినట్టే."

పిల్ల కాసేపు ఆలోచించి, "ఇది కథ, తాతయ్యా. బాగానే వుంది. కాని, ఇలాగే రావాలని రుజువేదీ?" అంది.

నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. బుర్ర లేనిది అడిగే ప్రశ్నటండీ ఇది? మర్నాడు పగలంతా దాని పుస్తకం ముందేసుకుని కూచున్నాను. సాయంత్రానికి దొరికింది. ఇదుగో, మీరూ చూడండి.

ఒకటినీ, మైనస్ ఒకటినీ కూడితే సున్నా. ఆ మొత్తాన్ని మైనస్ ఒకటితో హెచ్చవేస్తే వచ్చేదీ సున్నాయే. ఇప్పుడు మొత్తాన్ని ఒక్కసారిగా కాకుండా విడివిడిగా హెచ్చవేయండి. మైనస్ ఒకటిని ఒకటితో హెచ్చవేస్తే మైనస్ ఒకటి. మైనస్ ఒకటిని మైనస్ ఒకటితో హెచ్చవేస్తే ఏమిటో మనకి తెలియదు, ఖాళీ వుంచండి. ఈ రెండు పద్దులూ కలిసి సున్నాకి తేలాలి. ఒక పద్దు మైనస్ ఒకటి కనక, రెండోది ప్లస్ ఒకటి అయి తీరాలి. మరో దారి లేదు. కాదంటే ఖాతా కుదరదు!

అరవై అయిదేళ్ళ కిందట నాకు పడిన రెండు దెబ్బలకి జవాబు ఈ నాలుగు వాక్యాల్లో వుంది. ఆ కాగితం చేత్తో పట్టుకుని అరుగు మీద చాలాసేపు కూచుండిపోయాను. పిల్లకి చూపిస్తే రెండుసార్లు చదివి, "అయితే ఇది ఎవరో పెట్టిన రూలు కాదు. మిగతా రూల్సు చెడిపోకుండా వుండాలంటే ఇలాగే వుండాలి," అంది.

* * *

ఆ మిగతా రూల్సేమిటో మూడోరాత్రి చూశాం. పేర్లు పెద్దవిగాని, సంగతులు మనింట్లోవే.

రెండూ మూడూ కూడినా, మూడూ రెండూ కూడినా అయిదే. హెచ్చవేతలోనూ అంతే. వరస మారినా ఫలితం మారకపోవడాన్ని స్థిత్యంతర ధర్మం అన్నారు. తీసివేతకీ, భాగహారానికీ ఈ గుణం లేదు. మా ఆవిడ వెంటనే అందుకుంది: "చారులో ఉప్పు ముందు వేసినా, చింతపండు రసం ముందు పోసినా చారు చారే. కాని బియ్యం కడిగి వండడానికీ, వండి కడగడానికీ తేడా లేదూ?"

మూడు సంఖ్యల్ని కూడేటప్పుడు ముందు ఏ రెంటిని జత చేసినా మొత్తం ఒకటే. ఇది సహచర ధర్మం. హెచ్చవేతకీ వుంది, తీసివేతకి లేదు. వంద రూపాయలు పట్టుకుని బజారుకి వెళ్ళారు. నలభై ఇచ్చారు, అందులో పది వెనక్కి ఇచ్చారు. వందలోంచి, నలభైకి పది తక్కువ తీసేస్తే చేతిలో డెబ్భై వుండాలి. బ్రాకెట్టు మార్చి, వందలోంచి నలభై తీసి, ఆపైన పదీ తీసేస్తే యాభై. బ్రాకెట్టు జరిగితే ఇరవై రూపాయలు గల్లంతు! ఆఫీసుల్లో ఇలాంటివి నేను బోలెడు చూశాను.

సున్నాని కూడితే ఏ సంఖ్యా మారదు. కాబట్టి కూడికకి సున్నా తత్సమాంశం. ఒకటితో హెచ్చవేస్తే ఏ సంఖ్యా మారదు. కాబట్టి హెచ్చవేతకి ఒకటి. అయిదుని సున్నాకి తేల్చే మైనస్ అయిదు దానికి సంకలన విలోమం. అయిదుని ఒకటికి తేల్చే అయిదో వంతు గుణకార విలోమం. సున్నాకి మాత్రం గుణకార విలోమం లేదు. మొదటిరాత్రి మూసిన తలుపు ఇదే.

అన్నిటికంటె నాకు నచ్చింది విభాగ న్యాయం. మొత్తాన్ని హెచ్చవేసినా, ముక్కలు చేసి ముక్కల్ని హెచ్చవేసి కూడినా ఒకటే అని చెబుతుంది. కూడికనీ హెచ్చవేతనీ కలిపే వియ్యం ఇదే. మైనస్ రహస్యం బయటపెట్టినదీ ఇదే. మా బజార్లో కూరలమ్మే ఒక ముసలమ్మ వుంది. బడి మొహం చూడలేదు. వంకాయలు కిలో ముప్ఫై ఎనిమిదంటే మూడున్నర కిలోలు తూయించాను. నేను చేతిసంచీ సర్దుకునేలోగా అనేసింది: "నలభై చొప్పున నూట నలభై బాబూ, కిలోకి రెండు చొప్పున ఏడు తీసెయ్. నూటముప్ఫై మూడు ఇయ్యి." విభాగ న్యాయానికి ఇంతకంటె గొప్ప అధ్యాపకురాలు ఎక్కడుంది? ఆ సంగతి చెబితే పిల్ల పకపకా నవ్వింది.

* * *

నాలుగోరాత్రి మా నాన్నగారి రూపాయి కథ చెప్పాను.

మా చిన్నతనంలో రూపాయికి పదహారణాలు, అణాకి పన్నెండు పైలు. అంటే రూపాయికి నూట తొంభైరెండు పైలు. ఒక పండగనాడు నాన్నగారు అన్నయ్యకీ, నాకూ, చెల్లెలికీ కలిపి ఒక రూపాయి ఇచ్చారు. ముగ్గురికీ సమంగా తలా అయిదణాల నాలుగు పైలు. తేడా లేదు, తగువు లేదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. రూపాయికి వంద. మరుసటి పండక్కి మళ్ళీ రూపాయి ఇచ్చారు. తలా ముప్ఫైమూడు నయాపైసలు పోగా, ఒక పైస మిగిలింది. నాన్నగారు అది చెల్లెలి చేతిలో పెట్టారు. అన్నయ్య రెండురోజులు అన్నం మానేశాడు!

రూపాయిలో మూడోవంతు మారలేదు. మారింది కొలపాత్ర. నూట తొంభైరెండుని మూడు భాగిస్తుంది, వందని భాగించదు. అందుకే మూడోవంతుని దశాంశంలో రాయబోతే 0.333... అని మూళ్ళు వస్తూనే వుంటాయి. భిన్నాన్ని బాగా కుదించాక హారంలో రెళ్ళూ, అయిదులూ తప్ప మరో ప్రధానాంకం లేకపోతే దశాంశం ఎక్కడో ఆగుతుంది. ఎనిమిదోవంతు 0.125 దగ్గర ఆగుతుంది. ఏడోవంతు ఆగదు. 0.142857 142857 అని అదే వరస తిరిగి తిరిగి వస్తుంది. రాక ఏంచేస్తుంది? ఏడుతో భాగించేటప్పుడు వచ్చే శేషాలు ఒకటినించి ఆరుదాకా ఆరే. ఏడో అడుగులోపల పాత శేషం మళ్ళీ రావలసిందే, వస్తే పాత కథ మళ్ళీ మొదలే. కాబట్టి అకరణీయ సంఖ్య అయితే దశాంశం ఆగాలి, లేదా తిరగాలి.

"మరి మూడు మూడోవంతులు కూడితే 0.999... వస్తుంది. ఒకటి రావాలిగా! ఆ పైస ఏమయింది?" అంది పిల్ల.

చెప్పాను. ఆ తొమ్మిదులకి అంతులేకపోతే, దాన్ని పదితో హెచ్చవేస్తే 9.999... అవుతుంది. అందులోంచి మొదటిది తీసేస్తే సరిగ్గా తొమ్మిది. అంటే ఆ సంఖ్యకి తొమ్మిదిరెట్లు తొమ్మిది. కనక అది సరిగ్గా ఒకటి. ఎక్కడో ఆపితేనే పైస మిగులుతుంది. ఆపకపోతే తేడా లేనే లేదు.

"చూశావా, వెతికితే తేడా పోయింది!" అన్నాను గర్వంగా. ఆ గర్వం ఒక్క రోజు నిలిచింది.

* * *

మర్నాడు మా ఆవిడ మీటరు చదరం బల్లగుడ్డ ఒకటి కుట్టుకుని, మూలనించి మూలకి లేసు వెయ్యాలి, ఎంత తెస్తారని అడిగింది.

పిల్ల లెక్క కట్టింది. చదరం భుజం ఒకటి అయితే, కర్ణం మీద గీసిన చదరం వైశాల్యం రెండు. కాబట్టి కర్ణం రెండుకి వర్గమూలం. "అది కరణీయం, తాతయ్యా. ఏ భిన్నానికీ సరిపోదట. గుడ్డ మీద కళ్ళెదుట కనపడే గీతకి లెక్క లేకపోవడమేమిటి?"

"లేకేం, వుంటుంది. వెతకాలి," అన్నాను నేను. నా నమ్మకం మీకు తెలుసుగదా!

ఈ వెతుకులాట ఈనాటిది కాదు. యజ్ఞవేదికలు కట్టడానికి తాళ్ళతో కొలతలు చెప్పిన శుల్బసూత్రాల్లో, బౌధాయనుడి దానిలో, ఈ కర్ణానికి ఒక లెక్క వుంది. ఒకటికి దానిలో మూడోవంతు కలపాలి. ఆ మూడోవంతులో నాలుగోవంతు కలపాలి. ఆ నాలుగోవంతులో ముప్ఫైనాలుగోవంతు తీసెయ్యాలి. అంతా కలిపి చూస్తే 577 బై 408. దశాంశంలో 1.4142156. అసలు విలువ 1.4142135తో మొదలవుతుంది. మీటరు గుడ్డ మీద ఆ తేడా మిల్లీమీటరులో వెయ్యోవంతులు రెండు!

పై సంఖ్య వర్గం, కింది సంఖ్య వర్గానికి సరిగ్గా రెట్టింపు కావాలి. చేసి చూశాను. 577 వర్గం 332929. 408 వర్గానికి రెట్టింపు 332928. తేడా ఒక్కటి!

1979 మార్చి నెల మళ్ళీ వచ్చిందనుకోండి. ఆ ఒక్కటీ ఎక్కడుందో పట్టుకుందామని కాగితాలు పరిచాను. పై సంఖ్యకి కింది సంఖ్య రెట్టింపు కలిపితే కొత్త పై సంఖ్య, రెండూ కలిపితే కొత్త కింది సంఖ్య అని ఒక కిటుకు దొరికింది. 1393 బై 985 వచ్చింది. వర్గం 1940449, రెట్టింపు 1940450. ఈసారి ఒకటి తక్కువ! మళ్ళీ చేశాను. 3363 బై 2378. వర్గం 11309769, రెట్టింపు 11309768. మళ్ళీ ఒకటి ఎక్కువ! ఒకసారి అటూ, ఒకసారి ఇటూ ఆ ఒక్కటీ నన్ను ఎగతాళి చేస్తోంది. రెండురాత్రులు నిద్ర లేదు. మా ఆవిడ, "ఒకటిన్నర మీటరు తెండి, మిగిలిన ముక్క దిండుగలీబుకి వేసుకుంటాను," అని ఎంత చెప్పినా వినలేదు.

మూడోరాత్రి పిల్ల నా పక్కన చతికిలబడి నేను రాసిన వర్గాల వరస చూస్తూ కూచుంది. చాలాసేపటికి, "తాతయ్యా, వర్గాలకి చివర రెండు, మూడు, ఏడు, ఎనిమిది ఎప్పుడూ రావటంలేదు," అంది.

నిజమే. సున్నా, ఒకటి, నాలుగు, అయిదు, ఆరు, తొమ్మిది ఇవే వస్తాయి.

"వర్గాన్ని రెట్టింపు చేస్తే చివర సున్నా, రెండు, ఎనిమిదే వస్తాయి. రెండు జాబితాల్లోనూ వుండేది సున్నా ఒక్కటే. కాబట్టి రెండూ సమానం కావాలంటే రెంటి చివరా సున్నా వుండాలి." అది పెన్సిలు తీసుకుని రాస్తోంది. "పై సంఖ్య వర్గానికి చివర సున్నా వుంటే పై సంఖ్యకి చివర సున్నా వుండాలి. కింది సంఖ్య వర్గం రెట్టింపుకి చివర సున్నా వుంటే కింది సంఖ్యకి చివర సున్నా కాని, అయిదు కాని వుండాలి. అప్పుడు రెండూ అయిదుతో పోతాయి. కాని మనం ముందే బాగా కుదించేశాం. ఇంక దేనితోనూ పోకూడదుగా!"

పెన్సిలు ఆగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

అంటే సమానమయ్యే భిన్నం లేదు. దొరకకపోవడం కాదు, లేదు. ఎన్ని రాత్రులు కూచున్నా, ఎంత పెద్ద సంఖ్యలు తీసుకున్నా లేదు. ఆ ఒక్కటీ ఎవరి పొరపాటూ కాదు. ఎకౌంట్సు చూసే నాకు చివరి అంకెలు సరిచూడడం నిత్యకృత్యం. అయినా, ఆ అంకెల్లో ఇంత రహస్యం వుందని తొమ్మిదో తరగతి పిల్ల చూపించేదాకా తెలియలేదు.

* * *

అయితే ఆ కర్ణం అబద్ధమా? కాదు. గుడ్డ మీద గీత వుంది, దానికి పొడుగుంది. దశాంశంలో రాస్తే ఆగదు, తిరగదు. అలాంటివన్నీ కరణీయాలు. వృత్తపరిధిని వ్యాసంతో భాగిస్తే వచ్చే పై కూడా ఈ జాతిదే. మనం బళ్ళో వాడే 22 బై 7 దానికి దగ్గర చుట్టం మాత్రమే. ఆర్యభటుడు 499 ప్రాంతంలో 3.1416కి సరిపోయే విలువ చెబుతూ, ఇది ఆసన్నం, అంటే దగ్గరిది మాత్రమే అన్నాడు. పై కరణీయమని 1760ల దశకంలో లాంబర్టు రుజువు చేశాడు.

మన తెలుగు పేర్లలో ఒక తమాషా వుంది చూడండి. ఇంగ్లీషువాళ్ళకి భిన్నమే సక్రమం, భిన్నం కానిది అక్రమం. మనకి అది తారుమారు. శుల్బసూత్రాల్లో రెట్టింపు చదరాన్ని చేసే తాడుని ద్వికరణి అన్నారు. ఆ కరణి నించే కరణీయం వచ్చింది. అది కానిది అకరణీయం. మన మాటలో ఆ కర్ణానిదే అసలు పేరు. భిన్నాలకే ముందు 'అ' తగిలించారు!

అకరణీయాలూ, కరణీయాలూ కలిస్తే వాస్తవ సంఖ్యలు. గీత మీద ఏ చుక్క పెట్టినా ఏదో ఒక వాస్తవ సంఖ్య అవుతుంది. కూడిక, హెచ్చవేతల ధర్మాలన్నీ వీటికీ వర్తిస్తాయి. కరణీయాలు మాత్రం విడిగా ఒక యింట్లో ఇమడవు. రెండు వర్గమూలాన్ని దానితోనే హెచ్చవేస్తే సాక్షాత్తూ రెండు వస్తుంది. కరణీయాన్ని కరణీయంతో హెచ్చవేస్తే సహజ సంఖ్య! మరి మైనస్ ఒకటికి వర్గమూలం? ఏ వాస్తవ సంఖ్య వర్గమూ మైనస్ కాదు కనక, ఆ యింట్లో దానికి జవాబు లేదు. ఋణానికి వర్గమూలం లేదని తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు చెప్పాడు. ఆయన గణితసారసంగ్రహాన్నే మన పావులూరి మల్లన తెలుగు చేశాడు. ఆ వర్గమూలానికి తరవాతివాళ్ళు ఇంకో వసారా దించారట. అది పిల్ల ఇంటర్లో చూసుకుంటుంది.

ఇంటర్లో అన్నానా? అవును. వారం గడువు అయిపోయిననాడు భోజనాల దగ్గర నేనే కదిపాను. "ఏమంటావు, అమ్మలూ? మానేస్తావా?"

"వుండు తాతయ్యా," అంది అది విసుగ్గా. "రెండు వర్గమూలానికి మూడు వర్గమూలం కూడితే అదీ కరణీయమేనా అని ఆలోచిస్తున్నా. ఆ మొత్తాన్ని వర్గం చేస్తే అయిదూ, రెండు రెట్లు ఆరు వర్గమూలమూ వస్తుంది. ఆరు వర్గమూలం కరణీయమని చెప్పగలిగితే అయిపోతుంది. చివరి అంకెలతో అవుతుందేమో!"

కంచంలో అన్నం ఈసారి కూడా కెలుకుతూనే వుంది. కాని ఆ కెలకడం వేరు.

"రేపు క్లాసులో అడగనా?" అంది మళ్ళీ. "నవ్వుతారేమో!"

"నవ్వనీ. చెయ్యెత్తి అడుగు," అన్నాను. అరవై అయిదేళ్ళు ఆలస్యంగానైనా, ఆ మాట అనగలిగాను.

లేసు మాత్రం ఒకటిన్నర మీటరే తెచ్చాను. మిగిలిన ముక్క దిండుగలీబుకి సరిపోలేదని మా ఆవిడ సణుగుతోంది. ఎంత తక్కువయిందో కొలవమంది. కొలవనన్నాను.